కోకోలో నల్లకాయ కుళ్ళు: పోషకాలతో ఎంతవరకు ఆపగలం?
(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

తొలకరికి ముందు ఈ శీర్షికకు కోకో రైతుల ఉత్తరాలు ఎక్కువగా వస్తుంటాయి. ఈసారి వచ్చినవాటిలో ఐదింటి సారాంశం ఒక్కటే: చెట్టుకు సరైన ఖనిజ పోషకాలు అందిస్తే కాయకుళ్ళు దానంతట అదే తగ్గుతుందా అన్నది. అందుచేత ఈ సంచికలో చోటంతా ఆ ఐదు ఉత్తరాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మాది కామవరపుకోట ప్రాంతం. నాలుగు ఎకరాల పామాయిల్ తోటలో ఎనిమిదేళ్ళ వయసున్న కోకో చెట్లు ఉన్నాయి. నిరుడు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాయల మీద గోధుమరంగు మచ్చ పడి, పది పన్నెండు రోజుల్లో కాయంతా నల్లబడి కుళ్ళిపోయింది. మందుల దుకాణంలో చూపిస్తే, చెట్టుకు బలం చాలకనే ఇలా జరుగుతోందని చెప్పి 0-52-34, కాల్షియం-బోరాన్ మిశ్రమం, సిలికాన్ ద్రావణం ఇచ్చారు. మూడూ పిచికారీ చేశాను. కార్బెండజిమ్ కూడా రెండుసార్లు కొట్టాను. ఖర్చయింది గాని కుళ్ళు ఆగలేదు. పోషకాలతో ఈ తెగులు తగ్గుతుందన్న మాటలో నిజముందా?

సమాధానం: ఆ మాటలో కొంత నిజముంది. అయితే మీకు అమ్మిన పద్ధతిలో లేదు. మీరు వర్ణించినది నల్లకాయ కుళ్ళు తెగులు. మన దేశంలో దీనికి ప్రధాన కారణం ఫైటోఫ్తొరా పామివోరా అనే సూక్ష్మజీవి. దీన్ని వాడుకలో శిలీంధ్రమనే అంటున్నాము గాని, శాస్త్రవేత్తల వర్గీకరణలో ఇది నిజమైన శిలీంధ్రం కాదు; నీటిలో పెరిగే నాచు జాతులకు దగ్గరి చుట్టం. ఈ తేడా పుస్తకాలకే పరిమితమైనది కాదు, మీ జేబును తాకే తేడా. కార్బెండజిమ్ నిజమైన శిలీంధ్రాల మీద పనిచేసే మందు, ఫైటోఫ్తొరా మీద దానికి పట్టు లేదు. మీరు రెండుసార్లు కొట్టినా కాయ నల్లబడడం ఆగకపోవడానికి మొదటి కారణం అదే. మీ పిచికారీలో లోపం వెతకవలసిన పని లేదు.

నాచుకు చుట్టమైన ఈ జీవికి నీరే వాహనం. కాయ మీద తడి పొర కొన్ని గంటలు నిలిస్తే చాలు, దాని బీజాలు ఆ తడిలో ఈదుకుంటూ వెళ్ళి కాయ తొక్కలోకి దిగుతాయి. రెండు మూడు రోజుల్లో చిన్న మచ్చ కనిపిస్తుంది. మచ్చ పడిన కాయను ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలి గోటితో నొక్కి చూడండి. ఈ తెగులులో కాయ తొలిరోజుల్లో గట్టిగానే ఉంటుంది, మచ్చ అంచు స్పష్టంగా గీత గీసినట్టు ఉంటుంది, తడి వాతావరణంలో మచ్చ మీద తెల్లని పొడిలాంటి పెరుగుదల కనిపిస్తుంది. ఆ తెల్లని పొడిలో లక్షల బీజాలుంటాయి. వాన చినుకు దాని మీద పడి చిట్లితే చుట్టుపక్కల కాయలన్నింటి మీదికి చిమ్ముతుంది. నేల నుంచి ఎగిసే బురద చినుకులు, కాండం మీద మట్టిగూళ్ళు కట్టే చీమలు, కాయలు కోసే కత్తి కూడా దీన్ని మోస్తాయి. ప్రపంచం మొత్తం మీద కోకో దిగుబడిలో సుమారు 20 నుంచి 30 శాతం నల్లకాయ తెగులుకే పోతోందని అంచనా.

ఇక పోషకాల సంగతి. తెగులు కలిగించే జీవి కాయలోకి దిగడానికి కణానికీ కణానికీ మధ్య ఉన్న బంధాన్ని కరిగించాలి. ఆ బంధాన్ని గట్టిగా పట్టి ఉంచేది కాల్షియం. పొటాషియం చాలినంత ఉన్న చెట్టులో కణాల గోడలు మందంగా పెరుగుతాయి, ఆకు తయారుచేసిన చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కణాల్లో ఊరికే పోగుపడకుండా పిండిపదార్థంగా, మాంసకృత్తులుగా మారిపోతాయి. పొటాష్ తక్కువై నత్రజని ఎక్కువైన చెట్టులో ఇదంతా తారుమారవుతుంది. లేత కొమ్మలు గుబురుగా వస్తాయి, తొక్క పలచబడుతుంది, సూక్ష్మజీవికి కావలసిన ఆహారం సిద్ధంగా ఉంటుంది. గుబురు పెరిగిన కొద్దీ తోటలోకి గాలి సోకదు, కాయ మీద తడి ఆరదు. కాబట్టి యూరియా మితిమీరితే నష్టం రెండు వైపులా జరుగుతుంది. మాంగనీసు, రాగి, జింకు వంటివి మొక్క తన రక్షణకు తయారుచేసుకునే లిగ్నిన్ (కణాల గోడలను గట్టిపరిచే పదార్థం) తదితర పదార్థాల తయారీలో భాగం పంచుకుంటాయి. ఇవన్నీ తెగులు దిగడాన్ని ఆలస్యం చేస్తాయి, మచ్చ వ్యాప్తిని నెమ్మది పరుస్తాయి. దిగిన తెగులును చంపవు. పోషకాల లోపం ఉన్న చెట్టుకు లోపం సవరిస్తే ఫలితం కనిపిస్తుంది. లోపమే లేని చెట్టుకు అదే పోషకాన్ని మరింత పోస్తే రక్షణ రెట్టింపు కాదు.

మీకు ఇచ్చిన 0-52-34 లెక్క ఒకసారి చూద్దాము. అది మోనో పొటాషియం ఫాస్ఫేట్ అనే ఎరువు; నత్రజని సున్నా, భాస్వరం 52 శాతం, పొటాష్ 34 శాతం అని ఆ అంకెల అర్థం. లీటరు నీటికి 5 గ్రాములు కలిపితే అందులో పొటాష్ 1.7 గ్రాములు. చెట్టుకు మూడు లీటర్ల ద్రావణం పట్టిందనుకున్నా, ఒక్క చుక్క కింద పడకుండా అంతా ఆకే పీల్చుకుందనుకున్నా, అందేది సుమారు 5 గ్రాములు. మూడేళ్ళు దాటిన కోకో చెట్టుకు ఏడాదికి సిఫారసు చేసిన మోతాదు 100 గ్రాముల నత్రజని, 40 గ్రాముల భాస్వరం, 140 గ్రాముల పొటాష్. పిచికారీతో 140 గ్రాముల అవసరం తీరేది కాదని ఈ లెక్కే చెబుతోంది.

అదే మోతాదును నేల ద్వారా ఇవ్వాలంటే చెట్టుకు ఏడాదికి 217 గ్రాముల యూరియా, 250 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 233 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సరిపోతాయి. ఎకరానికి 200 చెట్లుంటే పొటాష్ ఒక బస్తాకు కాస్త తక్కువే అవుతుంది. దీన్ని రెండు సమ భాగాలు చేసి, సగం తొలకరికి ముందు, సగం సెప్టెంబరు–అక్టోబరులో, కాండానికి చుట్టూ 75 సెంటీమీటర్ల దూరం వరకు లోతులేని పాదులో చల్లి మట్టిలో పైపైన కలపాలి. కోకోకు ఆహారం తీసుకునే వేళ్ళు పైపొరలోనే అల్లుకుని ఉంటాయి గనుక గునపంతో లోతుగా తవ్వితే మేలు కన్నా కీడే ఎక్కువ. బాగా కాపు ఉన్న చెట్లకు, డ్రిప్ ఉన్న తోటలకు మోతాదు పెంచి ఎక్కువ దఫాలుగా ఇస్తారు, అది నేల పరీక్ష చూసి నిర్ణయించుకోవలసిన సంగతి. పామాయిల్ చెట్టు పొటాష్ విపరీతంగా లాగే పంట. దానికి వేసిన ఎరువే కింద ఉన్న కోకోకు సరిపోతుందనుకోవడం మెట్ట మండలాల్లో నేను తరచుగా చూసే పొరపాటు. రెండింటికీ విడివిడిగా వేయాలి. మీ ప్రాంతపు ఎర్ర ఇసుక నేలల్లో పొటాష్ నిలవ తక్కువ, వానకు కిందికి జారిపోతుంది కూడా.

మీ చెట్లలో లోపం ఉందో లేదో ఆకే చెబుతుంది. ముదురు ఆకు అంచు పసుపై, తరువాత కాలినట్టు ఎండి, ఎండిన భాగానికీ పచ్చని భాగానికీ మధ్య గీత స్పష్టంగా ఉంటే పొటాష్ లోపం. కొత్త చిగురులో ఆకులు సన్నగా, కొడవలిలా వంకర తిరిగి వస్తే జింకు లోపం; దానికి 0.3 శాతం జింక్ సల్ఫేట్‌లో 0.15 శాతం సున్నం కలిపి చిగురు మీద పిచికారీ చేయాలి. ఈ గుర్తులేవీ లేకుండా కాయలే కుళ్ళుతుంటే మీ తోటలో అసలు చిక్కు తడి, నీడ, చెట్టు మీద వదిలేసిన నల్లకాయలు. ఈ ఏడాది కాల్షియం-బోరాన్ సీసాకు పెట్టే డబ్బును కొమ్మల కత్తిరింపు కూలికి పెట్టమని మీకు నా గట్టి సలహా. వర్షాలకు ముందే కాండం మీద నిటారుగా లేచే పిలకలను, లోపలికి అల్లుకున్న కొమ్మలను తీసేసి, మధ్యాహ్నం పూట నేల మీద అక్కడక్కడ ఎండ చుక్కలు పడేటట్టు చేయండి. వానాకాలంలో వారానికి ఒకసారి తోటంతా తిరిగి మచ్చ పడిన కాయలను కోసి బయటికి తీసుకుపొండి. ఇంత చేసిన తోటలోనే పొటాష్, కాల్షియం తమ వంతు పని చేయగలుగుతాయి.

సిలికాన్ గురించి కూడా అడిగారు. వరి వంటి గడ్డిజాతి పంటలు సిలికాన్‌ను వేళ్ళతో బాగా పీల్చుకుని ఆకు పైపొరలో నిలవ చేసుకుంటాయి, అక్కడ అగ్గితెగులు మీద దాని ప్రభావం బాగా రుజువైంది. కోకో ఆ కోవలోని మొక్క కాదు, సిలికాన్‌ను అంతగా కూడబెట్టుకోదు. వరిలో చూసిన ఫలితాన్ని కోకో సీసా మీద అచ్చువేసి అమ్మడం నాకు నచ్చని పని.

ప్రశ్న: మాది అశ్వారావుపేట. మా కోకోలో వేలెడంత పిందెలు పసుపై, నల్లబడి, చెట్టుకే అంటుకుని ఎండిపోతున్నాయి. ఎండాకాలంలో కూడా ఇదే పరిస్థితి. ఇది కూడా నల్లకాయ కుళ్ళేనా? బోరాన్ వేస్తే ఆగుతుందా?

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి అది తెగులు కాదు, పిందె ఎండు. కోకో చెట్టు తాను మోయగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు పిందెలు వేస్తుంది, తరువాత తానే వాటిని విడిచిపెడుతుంది. మామిడి, నిమ్మ పిందెలను రాల్చేస్తాయి. కోకో పిందెను రాల్చదు, దానికి ఆహారం ఆపి చెట్టు మీదే ఎండగడుతుంది. అందుకే చూసేవారికి తెగులులా కనిపిస్తుంది. పిందె ముందు పసుపై, ముడుచుకుని, ఆ తరువాతే నల్లబడితే అది ఎండు. పచ్చగా ఉన్న పిందె మీదనో కాయ మీదనో గోధుమరంగు మచ్చ పడి అది పాకితే కుళ్ళు. పిందె పట్టిన రెండు, రెండున్నర నెలల తరువాత ఈ ఎండు చాలావరకు ఆగిపోతుంది. ఆ వయసు దాటిన కాయ నల్లబడితే మాత్రం తెగులేనని అనుమానించాలి.

పిందె ఎండును పూర్తిగా ఆపే మందు గాని పోషకం గాని లేదు, ఆపవలసిన అవసరమూ లేదు. నీటి ఎద్దడి లేకుండా చూడడం, పైన చెప్పిన ఎరువు సమయానికి వేయడం, ఎక్కువ చిగుళ్ళు ఒక్కసారి రాకుండా కత్తిరింపులు క్రమంగా చేయడం చాలు. ఒక్క జాగ్రత్త. ఎండిపోయిన పిందెల మీద వానాకాలంలో రకరకాల బూజులు చేరతాయి, కాబట్టి చేతికి అందినంత మేర దులిపేయడం మంచిది.

ప్రశ్న: అంబాజీపేట దగ్గర మాకు రెండెకరాల కొబ్బరి తోట ఉంది, అందులో కోకో అంతరపంట. కోకో డొప్పల్లో పొటాష్ ఎక్కువని విని, గింజలు తీసిన డొప్పలన్నీ మూడేళ్ళుగా చెట్ల మొదళ్ళలోనే వేస్తున్నాను. ఎరువు ఖర్చు తగ్గింది గాని కాయకుళ్ళు పెరిగింది. పైగా నిరుడు రెండు కొబ్బరి చెట్లకు మొవ్వు కుళ్ళింది. నేను చేసినది తప్పా అండీ?

సమాధానం: అమ్మా, మీరు విన్నది నిజమే, చేసిన పద్ధతిలోనే చిక్కుంది. మీ ఉత్తరం చదివి నాకు సంతోషమూ కలిగింది, ఆందోళనా కలిగింది. ఎందుకంటే ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయాన్ని మీరు అడిగారు.

ముందు పొటాష్ లెక్క. వెయ్యి కిలోల ఎండు గింజలు తోట నుంచి సుమారు 20 కిలోల నత్రజనిని, 4 కిలోల భాస్వరాన్ని, 10 కిలోల పొటాషియాన్ని పట్టుకుపోతాయి. డొప్పలు కూడా తోట దాటిపోతే పొటాషియం నష్టం దాదాపు ఐదు రెట్లకు చేరుతుంది. అంటే కాయలోని పొటాషియంలో పెద్ద వాటా మనం పారేసే డొప్పలోనే ఉంది; ఎండిన డొప్ప బరువులో 3 శాతం పైచిలుకు పొటాషియమే. కాయలు కోసి గట్టు మీద పగలగొట్టి, డొప్పలను కాలువలోకి నెట్టేసే రైతు ఏటా పొటాష్ బస్తాలను నీళ్ళలో కలుపుతున్నట్టే లెక్క. మీరు వాటిని తోటలోకే తిరిగి చేర్చాలనుకోవడం నూటికి నూరుపాళ్ళు సరైన ఆలోచన.

అయితే పచ్చి డొప్పలు, అందులోనూ మచ్చ పడిన కాయల డొప్పలు, చెట్టు మొదట్లో పడి ఉంటే అవి ఫైటోఫ్తొరాకు వానాకాలం పొడుగునా పుట్టిల్లు. ఒకరోజు వాన వెలిశాక మీ మొదళ్ళలోని డొప్ప ఒకటి తిరగేసి చూడండి. లోపలి గిన్నెలో నీరు నిలిచి ఉంటుంది, అంచున తెల్లని నూగు కనిపిస్తుంది. ఆ నీటిలోంచి చినుకు ఎగిరితే మొదట తగిలేది మోకాలి ఎత్తులో ఉన్న కాయలకే. మీ తోటలో కుళ్ళు కింది కాయల నుంచి పైకి పాకి ఉంటుందని నా ఊహ, ఒకసారి గమనించండి.

కొబ్బరి మొవ్వు సంగతి ఇంకా పెద్దది. కోకో కాయను కుళ్ళబెట్టే ఫైటోఫ్తొరా పామివోరాయే కొబ్బరిలో మొవ్వు కుళ్ళును కూడా కలిగిస్తుంది. కోకోలో కాయ పోతే కాయతోనే పోతుంది, కొబ్బరికి ఉన్నది ఒకటే మొవ్వు, అది కుళ్ళితే చెట్టే పోతుంది. మీ రెండు కొబ్బరి చెట్లకు కోకో డొప్పల నుంచే అంటిందని నేను నిర్ధారించి చెప్పలేను. ఒకే తోటలో రెండు పంటలూ ఒకే శత్రువును పంచుకుంటున్నప్పుడు శుభ్రత పాటించడం రెండింతలు అవసరమని మాత్రం గట్టిగా చెబుతాను. చనిపోయిన కొబ్బరి చెట్ల మొవ్వు భాగాన్ని నరికి కాల్చేయించండి. పక్క చెట్ల మొవ్వుల్లో తొలకరికి ముందు ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపి చేసే రాగి మందు; తయారీ తరువాతి సమాధానంలో ఉంది) పోయించండి.

డొప్పలను ఇక మీదట ఇలా చేయండి. తోటకు ఒక మూలన, వాన నీరు తోటలోకి పారని మెరక చోట, డొప్పలను గొడ్డలితో రెండు మూడు ముక్కలుగా కొట్టించి, ఒక వరస డొప్పలు, ఒక వరస పశువుల పేడ, ఒక వరస ఎండు కొబ్బరి ఆకో గడ్డో వేసి, ఛాతీ ఎత్తు కుప్ప పెట్టించండి. పైన పాలిథిన్ పట్టా కప్పండి. డొప్పలో ఉన్న పొటాషియం నీటిలో ఇట్టే కరిగిపోయేది, పట్టా లేకపోతే ఒక్క ముసురుకే సగం సారం కిందికి కారిపోతుంది. కుప్ప నాలుగో రోజుకు లోపల వేడెక్కుతుంది. చెయ్యి పెడితే ఉంచలేనంత వేడి, అంటే 55 డిగ్రీల దాకా, కొన్ని రోజుల పాటు నిలిస్తే ఫైటోఫ్తొరా చస్తుంది. అంచుల్లో ఉన్నవి వేడెక్కవు గనుక మూడు వారాలకొకసారి తిరగేసి బయటివి లోపలికి, లోపలివి బయటికి మార్పించాలి. మూడు నాలుగు నెలలకు నల్లగా పొడిపొడిగా, అడవి మట్టి వాసనతో తయారైన ఎరువు చెట్టుకు పది కిలోల వరకు వేయవచ్చు. పూర్తిగా నల్లబడి ఎండిపోయిన కాయలను కుప్పలో కలపకుండా గోతిలో పూడ్చించడమే క్షేమం.

కోనసీమ నల్లరేగడి, ఒండ్రు నేలల్లో మురుగు పోకపోవడం మరో శాపం. కోకో వరసల మధ్య మురుగు బోదె లేకపోతే ఏ పోషకమూ వేరుకు ఎక్కదు. సముద్రానికి దగ్గరగా, ఉప్పు తగిలే నేలలున్నవారు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడుకోవడం మేలు, మ్యూరేట్‌లోని క్లోరైడు ఆ నేలల్లో అదనపు భారమవుతుంది. అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. మట్టి నమూనా తీసుకుని, కుళ్ళిన కాయ ఒకటీ కొబ్బరి మొవ్వు ముక్క ఒకటీ విడివిడి కాగితపు సంచుల్లో పెట్టుకుని వెళ్ళి శాస్త్రవేత్తలకు చూపించండి.

ప్రశ్న: పొటాషియం ఫాస్ఫొనేట్ అనే ద్రావణం కోకో కుళ్ళుకు బాగా పనిచేస్తుందని తెలిసింది. అది ఎరువా, మందా? 0-52-34 కూడా అలాంటిదే అంటున్నారు. బోర్డో మిశ్రమంలో కలిపి ఒకేసారి కొడితే కూలి కలిసివస్తుందా? – ద్వారకా తిరుమల నుంచి ఒక పాఠకుడు

సమాధానం: పేర్లలో ఒక్క అక్షరం తేడా, పనిలో పూర్తిగా తేడా. ఫాస్ఫేట్ అంటే మొక్క తినే భాస్వరం. డి.ఏ.పి., సూపర్, 0-52-34 అన్నీ ఫాస్ఫేట్లే, వాటికి ఫైటోఫ్తొరాను ఆపే గుణం లేదు. ఫాస్ఫొనేట్ ఫాస్ఫరస్ ఆమ్లం నుంచి తయారైన లవణం. దీన్నే ఫాస్ఫైట్ అని కూడా అంటారు. మొక్క దీన్ని భాస్వరంగా వాడుకోలేదు, కాబట్టి ఎరువుగా దీని విలువ అందులోని పొటాషియం మేరకే. దీని అసలు పని వేరు. ఫైటోఫ్తొరా పెరుగుదలను నేరుగా అడ్డుకుంటుంది, పైగా మొక్క తన సొంత రక్షణను త్వరగా మేల్కొలుపుకునేటట్టు చేస్తుంది. ఆకు మీద పడినా కాండంలోకి ఎక్కించినా పైకీ కిందికీ, వేళ్ళకూ కాయలకూ ప్రయాణించడం దీని ప్రత్యేకత. 1980లలో దక్షిణాఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనూ అవకాడో వేరుకుళ్ళుకు దీన్ని కాండంలోకి ఎక్కించి వాడారు. తరువాత పాపువా న్యూగినీలో కోకో చెట్లకు అదే విధంగా కాండానికి చిన్న రంధ్రం వేసి సిరంజితో ఎక్కించి నల్లకాయ కుళ్ళును, కాండం పుండును అదుపు చేయగలిగారు. మన దేశంలో కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ మిరియాల ఫైటోఫ్తొరా కుళ్ళుకు 0.3 శాతం పొటాషియం ఫాస్ఫొనేట్‌ను సూచిస్తుంది.

పోషకం పేరుతో అమ్ముతున్న వాటిలో ఈ తెగులు మీద నిజంగా చెయ్యి చేసుకునేది ఇదొక్కటేనని నా అభిప్రాయం. అయినా దీన్ని మందుగానే భావించి వాడాలి. గింజలు కొనే కంపెనీకి ముందే చెప్పి, అవశేషాల విషయంలో వారి నిబంధన తెలుసుకుని, స్థానిక ఉద్యాన శాస్త్రవేత్త చెప్పిన మోతాదులో మాత్రమే కొట్టండి. సేంద్రియ ధ్రువీకరణ కోరే తోటలో వాడవద్దు.

ఇక రెండూ కలిపే మాట. దయచేసి కలపవద్దు. బోర్డో మిశ్రమంలోని రాగి ఆకు మీద కొద్దికొద్దిగా మాత్రమే కరుగుతుంది, అందుకే అది ఆకును కాల్చకుండా తెగులును ఆపగలుగుతోంది. ఫాస్ఫొనేట్ ద్రావణం పులుపు వైపు ఉంటే ఆ రాగి ఒక్కసారిగా కరిగి ఆకును, పిందెను మాడుస్తుంది. ఒకసారి ఒక తోటలో రాగి మందు కొట్టిన నాలుగో రోజే ఫాస్ఫొనేట్ కొట్టించే పొరపాటు నేనే చేశాను. వారం తిరిగేసరికి లేత ఆకుల కొసలన్నీ కాగితం కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగాయి, వేలెడు పిందెల మీద గజ్జి లాంటి మచ్చలు పడ్డాయి. అప్పటి నుంచి రెండింటి మధ్య కనీసం మూడు వారాలు ఎడం ఉంచమని చెబుతున్నాను.

బోర్డో మిశ్రమం కూడా ఖనిజాలతో చేసినదే, పైగా ఇంట్లో చేసుకోగలిగినది. 1885లో ఫ్రాన్సులో ద్రాక్ష బూజు తెగులుకు మిలార్డే అనే శాస్త్రవేత్త వెలుగులోకి తెచ్చిన ఈ మందు ఇన్నేళ్ళకూ కోకో కుళ్ళుకు మొదటి రక్షణగానే నిలిచింది. ఒక కిలో మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) 50 లీటర్ల నీటిలో, ఒక కిలో మంచి సున్నాన్ని మరో 50 లీటర్ల నీటిలో కరిగించి వడకట్టి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి సన్నని ధారగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. ఇనుప డ్రమ్ము పనికిరాదు, ప్లాస్టిక్ డ్రమ్ములే వాడాలి. మిశ్రమం లేత ఆకాశనీలం రంగులో, మజ్జిగలా మృదువుగా రావాలి. తయారయ్యాక తళతళలాడే కొడవలి కొసను నిమిషం పాటు అందులో ముంచి తీయండి. కొస మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, పూత పడనంత వరకు సున్నపు నీరు మరికొంత కలపాలి. ఈ పరీక్ష మానేసి కొట్టిన మిశ్రమమే చాలా తోటల్లో ఆకు మాడడానికి కారణం. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి అది పట్టు కోల్పోతుంది.

తొలకరికి ముందు ఒకసారి, ఆ తరువాత వానాకాలంలో తెరిపి ఇచ్చినప్పుడల్లా చూసుకుని నెలా నెలన్నర ఎడంతో మళ్ళీ కొట్టాలి. ఆకు మీద కన్నా కాయల మీద, కాండం మీద పూత పడడం ముఖ్యం. గోదావరి జిల్లాల్లో అక్టోబరు, నవంబరు తుపానులు కూడా ఉంటాయి గనుక సెప్టెంబరు చివరి పిచికారీని మానకండి. కాండం మీద బెరడు నల్లబడి ఎర్రటి రసం కారుతుంటే అది అదే ఫైటోఫ్తొరా కలిగించే కాండం పుండు. చెడిన బెరడును చెక్కి, 10 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున చేసిన బోర్డో పేస్టు పూయండి. రాగి నేలలో ఏళ్ళ తరబడి పేరుకుంటుంది, ఫ్రాన్సు ద్రాక్ష తోటలు దానికి సాక్ష్యం. కాబట్టి కుళ్ళు లేని తోటలో అలవాటు కొద్దీ కొట్టవద్దు. ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు వేసే పాదులో రాగి మందు పోయవద్దు, ఆ మేలు చేసే శిలీంధ్రం చస్తుంది.

ప్రశ్న: బ్రెజిల్‌లో కోకో కొమ్మలు చీపురుకట్టలా గుబురుగా పెరిగే తెగులుకు ఖనిజ పోషకాలు పిచికారీ చేస్తున్న వీడియో చూశాను. మన చెట్లకు కూడా ముందు జాగ్రత్తగా కొట్టాలా? – జంగారెడ్డిగూడెం

సమాధానం: అక్కర్లేదు. ఆ తెగులును కలిగించేది మోనిలియోఫ్తొరా పెర్నిసియోసా అనే నిజమైన శిలీంధ్రం. 1989లో బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో అడుగుపెట్టి అక్కడి కోకో సాగును కుప్పకూల్చింది. అది మన దేశంలో లేదు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలను పీడించే ఫైటోఫ్తొరా మెగాకార్యా అనే మరింత ఉధృతమైన నల్లకాయ జాతి కూడా మన దగ్గర లేదు. అందువల్ల విదేశాల నుంచి వచ్చేవారి చేత కోకో కొమ్మలు గాని, కాయలు గాని, విత్తనాలు గాని ఎంత చిన్న ముక్కైనా తెప్పించుకోవద్దు. కొత్త రకం కావాలనుకుంటే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని గాని, కర్ణాటకలోని విట్టల్‌లో ఉన్న కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని గాని అడగండి. మీ చెట్లలో గుబురుగా కొమ్మలు వచ్చిన చోటేదైనా కనిపిస్తే, అది ఎక్కువగా కత్తిరింపు చేసిన చోట పిలకలు గుత్తిగా రావడమే అయి ఉంటుంది. ఆ గుత్తిలో బలమైన ఒక్క పిలకను ఉంచాలో, అన్నీ తీసేయాలో చెట్టు ఎత్తును బట్టి నిర్ణయించుకోండి, ఆ పని జూన్ వానలు పడకముందే ముగించండి.